కీళ్లవాతానికి బయోలాజిక్ సూది: ఏది ఎవరికి నప్పుతుంది?

ఏడేళ్ల కిందట ఒక సోమవారం మధ్యాహ్నం మా డాక్టరు గారు మందుల చీటీ వెనక్కి తిప్పి మూడు బయోలాజిక్ సూదుల పేర్లు రాసిచ్చారు, అంటే జీవకణాల్లో తయారుచేసే ప్రొటీన్ మందులు. ఎటానర్‌సెప్ట్, అడాలిముమాబ్, రిటుక్సిమాబ్. "ఈ మూడిట్లో మీకు ఏదైనా ఇవ్వచ్చమ్మా. ఇంట్లో మాట్లాడుకుని వచ్చే వారం రండి" అన్నారు. హైదరాబాదు నుంచి సూర్యాపేట దాకా బస్సులో ఆ చీటీ చూస్తూనే వచ్చాను. ఇంటికొచ్చాక మా ఆయనా, నేనూ పెట్టుకున్న ప్రశ్న ఒక్కటే: వీటిలో ఏది బలమైంది?

ఆ ప్రశ్నతో వారం వృథా అయింది. మొదట వాడే మందు మెథోట్రెక్సేట్ ఒక్కదానికే లొంగని రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కి మొదటి బయోలాజిక్‌గా ఇచ్చే మందుల్లో బలం విషయంలో పెద్ద తేడా ఉండదు. తేడా మన ఒంట్లో ఉంటుంది: ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా, కళ్లు ఎర్రబడతాయా, పిల్లల్ని కనాలనుందా, గుండె ఎలా ఉంది. ఆ తర్వాత మన ఇంట్లో ఉంటుంది: ఫ్రిజ్, ఆసుపత్రికి దూరం, సూది పొడిచే చెయ్యి, ఏడాది పొడవునా కట్టగలిగే డబ్బు. మొదటి నెల అప్పుచేసి వేయించుకుని, నాలుగో నెలలో ఆపేసిన వాళ్లని వెయిటింగ్ హాల్లో చాలామందిని చూశాను. వాళ్ల వేళ్లు మళ్లీ వంకర తిరగడమూ చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ సూదులు ఒంట్లోని రక్షణ వ్యవస్థ మన కీళ్ల మీదే తిరగబడే జబ్బులకు. అంటే జనం ఆమవాతం అని పిలిచే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, వెన్ను బిగుసుకుపోయే ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్, సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాతం లాంటివి. వయసుతో వచ్చే మోకాలి అరుగుదలకు ఇవి పనిచేయవు.

సూది దాకా వెళ్లాల్సిందేనా?

మెథోట్రెక్సేట్‌కి పూర్తి అవకాశం ఇచ్చారా అన్నది మొదట చూసుకోవాలి. వారానికి 7.5 మిల్లీగ్రాములు రెండు నెలలు మింగి "నాకు పడలేదు" అనేవాళ్లు ఉన్నారు. చాలామందికి 15 నుంచి 25 మిల్లీగ్రాముల దాకా పెంచి, మూడు నెలలు చూస్తేగానీ తేలదు. మాత్రతో వికారం వస్తే అదే మందు చర్మం కింద సూదిగా కూడా దొరుకుతుంది. సల్ఫాసలజైన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు జోడించి చూడటం ఇంకో దారి, ఖర్చులో బయోలాజిక్‌తో పోల్చలేనంత తక్కువ. ఇంకా ఒకటి, ఎక్కడ అవకాశం దొరికినా చెబుతాను: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నేను డబ్బా మూత మీద "ఆదివారం" అని ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.

మరోవైపు, బయోలాజిక్ అంటే భయపడి ఏళ్ల తరబడి రోజూ ప్రెడ్నిసోలోన్ మింగేవాళ్లు ఉన్నారు. స్టెరాయిడ్‌తో ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది, కంట్లో శుక్లాలు వస్తాయి, ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. నన్నడిగితే, ఆ మాత్ర మీదే బతుకు ఈడ్చడం కన్నా సరైన పరీక్షలు చేయించుకుని బయోలాజిక్‌కి వెళ్లడం మేలు.

మన దగ్గర మొదట చూడాల్సింది టీబీ

అమెరికాలో కూర్చుని రాసిన సలహాల్లో టీబీ ఒక వరుసలో అయిపోతుంది. మన దగ్గర మందు ఎంపికను అది సగానికి సగం తేల్చేస్తుంది. ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిన టీబీ క్రిమి చుట్టూ శరీరం ఒక గోడ కట్టి, దాన్ని లోపలే నిద్రపుచ్చుతుంది. ఆ గోడని నిలబెట్టే పదార్థాల్లో ముఖ్యమైంది టీఎన్‌ఎఫ్. కీళ్లలో మంట రేపేదీ అదే. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్, గోలిముమాబ్, సెర్టోలిజుమాబ్, ఎటానర్‌సెప్ట్, ఈ అయిదూ టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే మందులే. కీళ్లు చల్లబడతాయి గానీ, ఆ గోడ కూడా బలహీనపడుతుంది.

అందుకే మొదటి సూదికి ముందే ఛాతీ ఎక్స్‌రే, చర్మం మీద చేసే మాంటూ పరీక్ష లేదా ఐజీఆర్‌ఏ అనే రక్తపరీక్ష చేయిస్తారు. స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో వాడుతుంటే ఈ పరీక్షల్లో ఉన్నది కూడా లేనట్టు రావచ్చు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండిందంటే రిపోర్టు ఎలా వచ్చినా డాక్టరుకి నోటితో చెప్పాలి. మా మామగారు టీబీకి మందులు వాడారు. నా ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, ఐజీఆర్‌ఏ మాత్రం పాజిటివ్. ఐసోనియాజిడ్ అనే టీబీ మాత్ర మొదలుపెట్టి, ఒక నెల గడిచాకే మొదటి సూది వేశారు. మాత్ర మొత్తం ఆరు నెలలు వాడాను.

ఎంపిక కూడా అక్కడే తేలిపోయింది. టీఎన్‌ఎఫ్ మందుల్లో టీబీ తిరగబెట్టే ముప్పు ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్‌లతో ఎక్కువ, ఎటానర్‌సెప్ట్‌తో తక్కువ. పైగా ఎటానర్‌సెప్ట్ ఒంట్లోంచి తొందరగా వెళ్లిపోతుంది. జ్వరమొచ్చి ఆపాల్సి వస్తే దాని ప్రభావం త్వరగా దిగుతుంది. రిటుక్సిమాబ్‌తో టీబీ ముప్పు పెద్దగా పెరగదు. అందుకే టీబీ చరిత్ర గట్టిగా ఉన్నవాళ్లకి డాక్టర్లు దాని వైపు కూడా చూస్తారు. అయితే దానికి ఇంకో షరతుంది: హెపటైటిస్ బి పరీక్ష. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన పచ్చకామెర్ల వైరస్‌ని కూడా రిటుక్సిమాబ్ తిరిగి లేపగలదు. ఏ బయోలాజిక్‌కైనా హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించాల్సిందే. రిటుక్సిమాబ్‌కి మాత్రం ఎవరు తొందరపెట్టినా అవి లేకుండా ఒప్పుకోవద్దు.

గుండె బలహీనపడి ఆయాసం వచ్చేవాళ్లకు, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి నరాల జబ్బు ఉన్నవాళ్లకు టీఎన్‌ఎఫ్ మందులు వద్దంటారు.

వెన్ను బిగుసుకునే జబ్బులో లెక్క వేరు

మా వెయిటింగ్ హాల్లో ఒక కుర్రాడు కలిసేవాడు. పాతికేళ్లు కూడా ఉండవు. పొద్దున్నే మంచం మీద నుంచి లేవడానికి వాళ్లమ్మ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేదట. ఈ జబ్బువాళ్లలో ఎక్కువగా కనిపించే హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యు గుర్తు పాజిటివ్, ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్. నాకు పడిందని ఎటానర్‌సెప్ట్ అతనికీ చెప్పబోయాను. "అక్కా, నాకు ఏడాదికి రెండుసార్లు కన్ను ఎర్రబడుతుంది, అందుకని అది వద్దన్నారు" అన్నాడు. నోరు మూసుకున్నాను. ఆ మాట నిజం. ఈ జబ్బులో కంటి లోపల వచ్చే వాపుకి, పేగుల వాపుకి అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ పనికొస్తాయి. ఎటానర్‌సెప్ట్ వెన్నునొప్పి తగ్గించినా ఆ రెండు వాపుల దగ్గర తేలిపోతుంది.

సోరియాసిస్ ఒళ్లంతా ఉండి, వెన్నో కీళ్లో పట్టేసినవాళ్లకి సెక్యుకినుమాబ్ చాలా మంచి ఎంపిక. అది ఐఎల్-17 అనే వేరే పదార్థాన్ని అడ్డుకుంటుంది, టీబీ భయం టీఎన్‌ఎఫ్ మందులకన్నా తక్కువ. కానీ పేగుల్లో క్రోన్స్ లాంటి జబ్బుంటే అది ఎక్కువ కావచ్చు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కి అది ఇవ్వరు. రిటుక్సిమాబ్ దానికి తలకిందులు: రుమటాయిడ్‌కి, అందులోనూ ఆర్‌ఎఫ్ లేదా యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షల్లో పాజిటివ్ ఉన్నవాళ్లకి బాగా పనిచేస్తుంది, వెన్ను జబ్బుకి ఇవ్వరు. అందుకే పక్కింటివాళ్లకి పడింది కదా అని మందు పేరు పట్టుకుని వెళ్లకండి.

టోసిలిజుమాబ్ సంగతి కూడా చెప్పాలి. మెథోట్రెక్సేట్ కడుపుకి పడక పూర్తిగా మానేసినవాళ్లకు, దానొక్కదాన్నే ఇవ్వాల్సి వస్తే, డాక్టర్లు మొగ్గుచూపే మందుల్లో అదొకటి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ దీనికి పూర్తిగా భిన్నం. పక్కన మెథోట్రెక్సేట్ లేకపోతే ఒళ్లు ఆ మందుకే విరుగుడు తయారుచేసుకుంటుంది. టోసిలిజుమాబ్ వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఒంట్లో వాపుని చూపించే సీఆర్‌పీ అనే పదార్థాన్ని అది రక్తంలో అణిచేస్తుంది. లోపల ఇన్‌ఫెక్షన్ ముదురుతున్నా రిపోర్టు మామూలుగా కనిపించవచ్చు, జ్వరం కూడా గట్టిగా రాకపోవచ్చు. ఊళ్లో వేరే డాక్టరు దగ్గరికి వెళితే ఈ మందు పేరు ముందే చెప్పాలి. కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు కూడా అప్పుడప్పుడూ చేయిస్తారు.

పిల్లల్ని కనాలనుకునేవాళ్లు

ఈ మాట మొదటి రోజే డాక్టరుకి చెప్పండి. అత్తగారు పక్కనుంటే నోరు విప్పలేకపోతే, ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి అయినా చెప్పండి. మెథోట్రెక్సేట్, లెఫ్లూనమైడ్ గర్భానికి హాని చేస్తాయి, ముందుగానే ఆపాలి. మెథోట్రెక్సేట్‌కి సాధారణంగా మూడు నెలలు చెబుతారు. టీఎన్‌ఎఫ్ మందుల్లో సెర్టోలిజుమాబ్ మాయ దాటి బిడ్డకి చేరడం చాలా తక్కువ. మిగిలినవి కూడా అవసరాన్ని బట్టి కొన్ని నెలల దాకా కొనసాగిస్తారు. మన దేశంలో బిడ్డ పుట్టగానే బీసీజీ టీకా వేసేస్తారు కదా. గర్భం చివరి నెలల్లో అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటివి తీసుకున్న తల్లి, ఆ టీకాకి ముందే పిల్లల డాక్టరుకి ఆ సంగతి చెప్పాలి. సాధారణంగా కనీసం ఆరు నెలలు ఆగమంటారు. కాన్పు పుట్టింట్లో, వేరే ఊళ్లో జరిగితే ఇది చెప్పేవాళ్లే ఉండరు. అందుకే ఒక కాగితం మీద రాయించుకుని ఫైల్లో పెట్టుకోవాలి.

ఇంట్లో సూదా, ఆసుపత్రిలో సెలైనా?

రెండు పద్ధతులు. ఎటానర్‌సెప్ట్ వారానికి 50 మిల్లీగ్రాములు, అడాలిముమాబ్ రెండు వారాలకోసారి 40, గోలిముమాబ్ నెలకోసారి 50, ఇవి ఇంట్లోనే పొట్ట మీదో తొడ మీదో వేసుకోవచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్, రిటుక్సిమాబ్ ఆసుపత్రిలో సెలైన్‌లో ఎక్కిస్తారు. టోసిలిజుమాబ్ రెండు రకాలుగానూ ఉంటుంది.

ఇల్లు నగరానికి దూరం, ఫ్రిజ్ సరిగ్గా పనిచేయదు, సూదంటే చేతులు వణుకుతాయి అంటే రిటుక్సిమాబ్‌ని గట్టిగా ఆలోచించండి. వెయ్యి మిల్లీగ్రాములు రెండుసార్లు, మధ్యలో రెండు వారాలు. మళ్లీ దాదాపు ఆరు నెలలకు అవసరాన్ని బట్టి. ఎక్కించే రోజు మాత్రం మొత్తం అక్కడే గడుస్తుంది, మొదటిసారి నాలుగు గంటలు దాటుతుంది. వాడాక చాలా నెలలు టీకాలు సరిగ్గా పట్టవు. కాబట్టి ఫ్లూ, న్యుమోనియా, హెపటైటిస్ బి టీకాలు ముందే వేయించుకోవాలి. ఈ మందులేవి వాడుతున్నా బతికున్న క్రిములతో చేసిన టీకాలు మాత్రం వద్దు.

ఇంటి సూదిలో అసలు కష్టం ఎండాకాలం. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. అడాలిముమాబ్ బయట పెడితే 25 డిగ్రీలు మించకుండా 14 రోజులు ఆగుతుందని డబ్బా మీదుంటుంది గానీ, మేలో మన ఇళ్లలో 25 డిగ్రీలు ఎక్కడిది? అతి చల్లదనం కూడా అంతే చేటు. రెండో నెలలో హైదరాబాదులో ఒక మందుల షాపు అబ్బాయి నా సూదిని గడ్డకట్టిన రెండు ఐస్ ప్యాక్‌ల మధ్య నేరుగా పెట్టి, టేపు చుట్టి ఇచ్చాడు. మూడు గంటల ప్రయాణం. ఇంటికొచ్చి విప్పితే సిరంజీలో ఒక పక్క సన్నగా తెల్లటి పలుకు. పది నిమిషాల్లో కరిగి మళ్లీ నీళ్లలా తేటగా అయిపోయింది. వాడేద్దామా అనిపించింది, అంత డబ్బు మరి. నర్సుకి ఫోన్ చేస్తే, "అక్కా, గడ్డకట్టిందంటే అయిపోయినట్టే, పారెయ్యండి" అంది. పారేశాను. ఆ రోజు నుంచి ఐస్ ప్యాక్‌కీ సూది డబ్బాకీ మధ్య టవల్ మడత పెడతాను. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలోనూ, ఫ్రీజర్ కింద అరలోనూ కాకుండా నడిమి అరలో, గోడకి తగలకుండా పెడతాను. కరెంటు పోతే తలుపు తియ్యకపోతే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది.

చేతివేళ్లు బిగుసుకున్నవాళ్లు కొనేముందు రూపం అడగాలి. అదే మందు నింపిన సిరంజీగా, పెన్నుగా, కొన్ని పొడి సీసాగా కూడా వస్తాయి. పొడిని నీళ్లతో కలపడానికి నా బొటనవేలు సహకరించలేదు. పెన్ను గుప్పిట్లో పట్టి నొక్కితే చాలు. అడాలిముమాబ్‌లో సిట్రేట్ కలపని రకాలున్నాయి, అవి తక్కువ మండుతాయి. ఏదైనా అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టాలి, వేడినీళ్లలో పెట్టకూడదు, ఊపకూడదు. బొడ్డుకి రెండంగుళాల దూరంలో, ప్రతిసారీ చోటు మారుస్తూ వేసుకోవాలి. ఎటానర్‌సెప్ట్ మొదటి నెలలో వేసిన చోట రూపాయి బిళ్లంత ఎర్రబడి దురద పెట్టేది, తర్వాత మానేసింది.

ఏడాది లెక్క వెయ్యండి

షాపులో ఒక్క సూది ధర అడిగి పోల్చడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఏడాదికి ఎన్ని కావాలో చూడండి. ఎటానర్‌సెప్ట్ 52, అడాలిముమాబ్ 26, గోలిముమాబ్ 12. సెక్యుకినుమాబ్ మొదటి నెలలో వారం వారం అయిదు పడతాయి, ఆ తర్వాత నాలుగు వారాలకోసారి. రిటుక్సిమాబ్ ఒక్కో విడతలో రెండుసార్లు ఎక్కిస్తారు కాబట్టి, ఏడాదిలో రెండు విడతలకు 500 మిల్లీగ్రాముల సీసాలు ఎనిమిది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ బరువుని బట్టి: రుమటాయిడ్‌లో కిలోకి 3 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, 60 కిలోల మనిషికి 180, అంటే వంద మిల్లీగ్రాముల సీసాలు రెండు. మొదటి ఏడాది ఎనిమిదిసార్లు. దీనికి బెడ్డు చార్జీలు, బస్సు చార్జీలు, తోడొచ్చినవాళ్ల కూలి కలపండి. ఆ మొత్తాన్ని కట్టగలరా అన్నది మొదటి సూదికి ముందే తేల్చుకోవాలి.

బయోసిమిలర్ అంటే నకిలీ అన్న అపోహ ఇంకా ఉంది. అసలు మందుతో సరిపోల్చి పరీక్షించి, వేరే కంపెనీ చేసే మందు అది. 2007లోనే హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్ బయోసిమిలర్ తెచ్చింది. ప్రపంచంలో మొదటి అడాలిముమాబ్ బయోసిమిలర్ 2014 డిసెంబరులో మన దేశంలోనే, జైడస్ నుంచి వచ్చింది. నేను మొదటి నుంచీ వాడుతున్నది బయోసిమిలరే. ఒకటే జాగ్రత్త: షాపువాడి దగ్గర ఏది ఉంటే అది అన్నట్టు నెలకో కంపెనీ మార్చకండి. డబ్బా మీది బ్యాచ్ నంబరు రాసి పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఇది తెలుసుకోవాలి. 2019లో ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ, పాలసీల్లోంచి తీసెయ్యకూడని ఆధునిక చికిత్సల జాబితా ఇచ్చింది. అందులో ఇంజెక్షన్‌గా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే పేరు చివర "మాబ్" ఉండే రకం మందు, ఉంది. కంపెనీలు పరిమితి పెట్టవచ్చు, కాబట్టి ఎంత దాకా ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఆసుపత్రిలో ఎక్కించుకున్నదానికి క్లెయిము దొరకడం, ఇంట్లో వేసుకున్నదానికి దొరకడం కన్నా తేలిక. ప్రభుత్వ పథకం కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని మందు పేరు రాసి చూపించి అడగాలి.

మాత్ర ఉందిగా అంటారు

టోఫాసిటినిబ్ రోజుకి రెండుసార్లు 5 మిల్లీగ్రాముల మాత్ర. ఫ్రిజ్ అక్కర్లేదు, సూది లేదు, మన దేశంలో తయారయ్యే రకాలు చవక. మాత్ర కదా అని తేలిగ్గా తీసుకుంటారు, అదే నన్ను భయపెడుతుంది. దానికీ టీబీ పరీక్ష కావాల్సిందే. ఒంటి మీద సర్పి లేచే ముప్పు సూదుల కన్నా ఎక్కువ. గుండె జబ్బు ముప్పున్న పెద్దవాళ్లలో గుండెపోటు, క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం ఎక్కువగా కనిపించాయని 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెద్ద హెచ్చరిక పెట్టింది. ముప్పయ్యేళ్ల ఆరోగ్యవంతురాలికి మంచి ఎంపిక కావచ్చు. అరవై దాటి, బీడీ తాగి, ఒకసారి స్టెంట్ వేయించుకున్న మా పెదనాన్నకి మాత్రం నేను వద్దనే చెప్పాను, వాళ్ల డాక్టరు గారూ అదే అన్నారు.

మొదలుపెట్టాక

మూడు నెలలు చూడాలి. నాకు అయిదో వారంలో, పొద్దున కుళాయి తిప్పుతుంటే నీళ్లు వచ్చాకగానీ తెలియలేదు, నేను ఒంటిచేత్తో తిప్పానని. అందరికీ అంత తొందరగా రాదు. పన్నెండు వారాలకి కూడా కీళ్ల వాపు, సీఆర్‌పీ తగ్గకపోతే ఊరికే కొనసాగించి డబ్బు పోగొట్టుకోవద్దు, వేరే రకానికి మార్చమని అడగండి.

జ్వరం, దగ్గు, మూత్రంలో మంట, చీముపట్టిన గాయం, ఇవి ఉంటే ఆ వారం సూది వేసుకోకుండా ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ కోసం వెతకమని మీరే అడగండి, నెగటివ్ వచ్చిన పాత రిపోర్టుని నమ్ముకోకండి. ఆపరేషన్ ఉంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో ఒక్కో మందుకి ఒక్కో లెక్క.

నా దగ్గర పాత లెక్కల నోటుబుక్ ఒకటుంది. ప్రతి పేజీలో అయిదు గడులు: తేదీ, బ్యాచ్ నంబరు, ఏ వైపు వేసుకున్నాను, పొద్దున బిగువు ఎన్ని నిమిషాలు, ఆ వారం జ్వరమేమైనా వచ్చిందా. మొదటి పేజీలో బిగువు గడిలో 110 అని ఉంది. పోయిన ఆదివారం పేజీలో 10.